పార్కింగ్, ఆటస్థలాల నిర్ణయాల్లో వ్యాపారుల మాటకు ఎంత విలువ ఇవ్వాలి?

ముసాయిదా (ప్రశ్న):

పట్టణ పాలకమండలికి సలహాలిచ్చే ఒక పౌర బృందంలో నేను సభ్యుణ్ణి. ప్రధాన వ్యాపార వీధిని ఆనుకుని ఉన్న పార్కింగ్ స్థలంలో దాదాపు సగాన్ని ఆటస్థలంగా మార్చాలనీ, ఆ లోటును పూడ్చడానికి వీధి అంచున ఆపే వాహనాలకు కాలపరిమితి, రుసుము విధించాలనీ ఒక ప్రతిపాదన మా ముందుకు వచ్చింది. అభిప్రాయాలు కోరుతూ ప్రకటన వెలువడగానే అందరికంటే ముందుగా, అందరికంటే గట్టిగా స్పందించినవారు ఆ వీధి వ్యాపారులు. బండి ఆపుకునే చోటు లేకపోతే కొనేవారు రారన్నది వారి సంఘం పంపిన లేఖలోని వాదన. అదే లేఖ రెండో పేజీలో, ఆటస్థలం వస్తే సాయంత్రాలు జనం పెరుగుతారు కాబట్టి దాని చుట్టూ కొత్త దుకాణాలకు అనుమతి ఇవ్వవద్దని కూడా కోరారు. జనం తగ్గుతారన్న భయం, జనం పెరిగితే పోటీ వస్తుందన్న భయం ఒకే లేఖలో ఉన్నాయి. మా బృందంలో కొందరు దీన్ని చూసి నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు. రెండు భయాలూ నిజమే అయి ఉండవచ్చు.

నివేదిక ముసాయిదా రాసే పని నా మీద పడింది. వ్యాపారులు చెప్పే మాటల్లో దేన్ని అనుభవంగా, దేన్ని అంచనాగా తీసుకోవాలి? వారి మాటను పక్కన పెట్టకుండానే, నిర్ణయం మొత్తాన్ని వారి చేతుల్లో పెట్టకుండా ఉండటం ఎలా? ఇటువంటి పనిలో అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే కృతజ్ఞుణ్ణి.

పాత ప్లానర్ (మొదటి సమాధానం):

వ్యాపారిని సాక్షిగా పిలవండి, తీర్పరిగా కూర్చోబెట్టకండి. తన గుమ్మం ముందు ఏ వేళకు ఏం జరుగుతుందో అతనికి తెలిసినంతగా ఏ ఇంజనీరుకూ తెలియదు. అయితే తన దగ్గరకు వచ్చేవారు ఎలా వస్తున్నారన్న విషయంలో మాత్రం అతని అంచనా తరచూ తప్పుతుంది, అదీ ఎప్పుడూ ఒకే వైపుకు తప్పుతుంది. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో సస్ట్రాన్స్ అనే సంస్థ జరిపి 2006లో వెలువరించిన సర్వేలో, తమ కొనుగోలుదారుల్లో 41 శాతం మంది కార్లలో వస్తారని దుకాణదారులు చెప్పగా, కొనుగోలుదారులనే అడిగి చూస్తే అలా వచ్చినవారు 22 శాతమే. అర మైలు లోపు నివసించేవారు 12 శాతం ఉంటారని దుకాణదారులు అనుకున్నారు; లెక్కలో 42 శాతం తేలారు.

ఇందులో అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం ఎవరికీ లేదు. నడిచి వచ్చిన మనిషి తాను ఎలా వచ్చిందీ చెప్పడు, కావలసినది కొనుక్కుని వెళ్లిపోతాడు. బండికి చోటు దొరకక రెండు చుట్లు తిరిగినవాడు గుమ్మంలో అడుగుపెడుతూనే ఆ మాట అంటాడు. రోజుకు అయిదారుసార్లు ఆ మాట విన్నవారికి లోకమంతా కార్లలోనే తిరుగుతున్నట్టు అనిపించడం సహజమే. పైగా యజమాని తానూ బండి మీదే వస్తాడు.

కాబట్టి అభిప్రాయాల కంటే ముందు లెక్క తీయించండి. దీనికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. ఇద్దరు మనుషులు, ఒక అట్ట, గీతలు గీసిన కాగితాలు చాలు. దుకాణాలు తెరవడానికి గంట ముందు మొదలుపెట్టి మూసేదాకా, అరగంటకోసారి వీధి ఒక చివర నుంచి మరో చివరకు నడుస్తూ, ప్రతి చోటులో ఉన్న బండి నంబరులో చివరి నాలుగు అంకెలు రాసుకోవాలి. మామూలు రోజు ఒకటి, సెలవు రోజు ఒకటి చేయాలి. సాయంత్రానికి కాగితం మీద వరుసలు చూస్తే కథ దానంతట అదే తెలుస్తుంది. ఒకే నాలుగు అంకెలు పదహారు వరుసల్లో కనిపించాయంటే ఆ బండి ఎనిమిది గంటలు కదలలేదు, అది కొనుగోలుదారుడిది కాదు. అటువంటి ఒక్క బండి పట్టుకున్న చోటులో గంటకొకరు చొప్పున ఎనిమిది మంది ఆపుకోవచ్చు. ఇలాంటివి పది తేలితే, చోటు చాలడం లేదన్న మాటకు అర్థం మారిపోతుంది.

డబ్బు వేస్తే కొంతసేపు బండి ఆపుకోనిచ్చే వీధి అంచు యంత్రం, అంటే పార్కింగ్ మీటరు, వ్యాపారుల నెత్తిన పాలకులు రుద్దిన పన్ను అని చాలామంది అనుకుంటారు గానీ, దాని పుట్టుకే వ్యాపారుల ఇంట జరిగింది. అమెరికాలోని ఓక్లహోమా సిటీలో ఉద్యోగులు పొద్దున్నే వచ్చి రోజంతా బండ్లు అక్కడే వదిలేయడంతో కొనేవారికి చోటు లేకుండా పోయింది. ఆ చిక్కు తీర్చమని స్థానిక వాణిజ్య మండలి ట్రాఫిక్ కమిటీకి అప్పగిస్తే, ఆ కమిటీలోని కార్ల్ మెగీ అనే పత్రికా సంపాదకుడి ఆలోచనే మీటరు. 1935 జూలై 16న మొదటిది అక్కడి వీధిలో నిలబడింది. గుమ్మం ముందు బండ్లు త్వరగా మారుతూ ఉండాలన్నది ఆనాటి వ్యాపారులు కోరుకున్న సంగతి. మీ వీధి వ్యాపారులకూ కావలసింది అదే అయి ఉండవచ్చు. వారు మాత్రం దాన్ని ‘ఎక్కువ చోటు కావాలి’ అన్న మాటల్లో చెబుతున్నారు.

పార్కింగ్ చోట్లు ఎంత నిండితే సరిపోతుందన్న దానికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన డొనాల్డ్ షూప్ చెప్పిన కొలత సుమారు 85 శాతం. వీధిలో ప్రతి వరుసలోనూ ఒకటి రెండు చోట్లు ఎప్పుడూ ఖాళీగా కనిపించేలా ఉండాలని దాని భావం. మీ లెక్కలో మధ్యాహ్నం 60 శాతం, సాయంత్రం 100 శాతం వస్తే, రోజంతటికీ ఒకే నియమం పెట్టడం తప్పు.

కొట్టు మనిషి (రెండో సమాధానం):

ప్లానర్ గారి అంకెలతో నాకు పేచీ లేదు. ఇరవై ఏళ్లకు పైగా బరువైన సరుకు అమ్మిన మనిషిగా, ఆ అంకెలు చెప్పని రెండు మూడు సంగతులు చెప్పాలనుకుంటున్నాను.

తలల లెక్క వేరు, బిల్లుల లెక్క వేరు. నడిచి వచ్చేవారు ఎక్కువసార్లు వస్తారు, వచ్చినప్పుడల్లా కొద్దిగా కొంటారు. బండిలో వచ్చేవారు తక్కువసార్లు వచ్చినా ఒక్కసారే ఎక్కువ కొంటారు. నెల మొత్తం మీద చూస్తే మొదటివారి ఖర్చే ఎక్కువగా తేలిన వీధులు చాలా ఉన్నాయని నాకు తెలుసు. కానీ ఆ సగటు వీధి మొత్తానిది. పుస్తకాలు అమ్మేవారికీ, మంచాలు అమ్మేవారికీ అది ఒకేలా వర్తించదు. వీధి మొత్తం గిరాకీ పెరిగిన ఏడాదిలోనే ఆ వీధిలో ఇద్దరు దుకాణం మూసుకోవచ్చు. ఆ ఇద్దరూ ఎవరై ఉంటారో నివేదికలో ముందే ఆలోచించకపోతే, వారి వ్యతిరేకతను మూర్ఖత్వం అనడానికి మీకు హక్కు ఉండదు.

రెండోది సరుకు దించుకోవడం. పార్కింగ్ గురించి గంటలకొద్దీ జరిగే చర్చల్లో ఇది రెండు నిమిషాల్లో తేలిపోతుంది, కానీ నా రోజంతా దీని మీదే నడిచేది. పెద్ద బండి వచ్చి ఇరవై నిమిషాలు ఆగాలి. దానికి చోటు లేకపోతే నడివీధిలోనే ఆగుతుంది, వెనక నుంచి హారన్లు మోగుతాయి, హమాలీలు తొందరలో ఒక పెట్టె జారవిడుస్తారు, ఆ నష్టం నాది. కొనేవారి బండికి చోటు తీసేసినా నేను ఎలాగో బతికేవాణ్ణి. సరుకు బండికి చోటు తీసేస్తే మాత్రం షట్టర్ దించుకోవలసిందే.

మూడోది, పని జరిగే నెలలు. తవ్విన వీధి ఆరు నెలల తర్వాత అందంగా తయారవుతుందని చెప్పేవారు, ఆ ఆరు నెలలూ అద్దె ఎవరు కడతారో చెప్పరు. పెద్ద కంపెనీ శాఖకు అది ఒక త్రైమాసికం నష్టం, చిన్నవాడికి అది దుకాణం కథ ముగియడమే.

వాహనాలు తీసేస్తే వీధి తప్పకుండా వెలుగుతుందని కూడా అనుకోకండి. అమెరికాలోని కలమజూ పట్టణం 1959లో తన ప్రధాన వీధిని నడిచేవారికి వదిలిపెట్టి, ఆ దేశంలో తొలి ప్రయత్నాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. అలాంటివి తర్వాత ఆ దేశంలో చాలా పట్టణాల్లో వచ్చాయి, చాలావాటిని తిరిగి కార్లకు తెరిచారు. కలమజూలోనే 1998లో ఆ వీధి కొంత భాగంలోకి కార్లు మళ్లీ వచ్చాయి. ఊరి చివర పెద్ద వ్యాపార సముదాయాలు వెలుస్తున్న కాలంలో, నడకవీధి ఒక్కటే దుకాణాలను కాపాడలేకపోయింది.

ఇక నా తప్పు కూడా ఒప్పుకోవాలి. ప్లానర్ గారు చెప్పిన ఆ పదహారు వరుసల బండి చాలా ఏళ్లు నాదే. పొద్దున తాళం తీసేటప్పుడు గుమ్మం ముందు ఆపేవాణ్ణి, రాత్రి తాళం వేసి తీసేవాణ్ణి. పక్క దుకాణం వారూ అంతే. ఆ ఇద్దరమే సంఘం సమావేశంలో లేచి, కొనేవారికి చోటు లేదని మొరపెట్టుకునేవాళ్లం. కాలిఫోర్నియాలో ఓల్డ్ పాసడీనా అనే పాత వ్యాపార ప్రాంతంలో ఇదే జరిగింది: రెండు గంటల పరిమితి ఉన్న చోట్లలో దుకాణాల సిబ్బందే ఆపి, మధ్యమధ్యలో బండి జరుపుకుంటూ ఉండేవారట. అక్కడ మీటర్లు పెట్టాలంటే వ్యాపారులు ఒప్పుకోలేదు. మీటర్ల రాబడిని అంతటినీ ఆ ప్రాంతంలోనే కాలిబాటలకు, దీపాలకు, శుభ్రతకు ఖర్చు పెడతామని నగరం మాట ఇచ్చాక ఒప్పుకున్నారు. 1993లో మీటర్లు వచ్చాయి. నన్ను అడిగితే, రుసుము కట్టమనే ముందు ఆ డబ్బు ఎక్కడికి పోతుందో రాతపూర్వకంగా చెప్పమనడం వ్యాపారి హక్కు. సాధారణ నిధిలో కలిసిపోయే రుసుముకు నేను ఇప్పటికీ ఒప్పుకోను.

ముసాయిదా:

ఇద్దరికీ కృతజ్ఞతలు. లెక్క తీయించే బాధ్యత ఇద్దరు సభ్యులకు అప్పగించాం, ఆ కాగితాల మీద సరుకు బండ్లకు వేరే గడి గీయించాం. ఇంకొక సందేహం. ఆటస్థలం వల్ల వీధికి గిరాకీ పెరుగుతుందని నిరూపిస్తే వ్యాపారులు మెత్తబడతారని మా బృందంలో ఎక్కువమంది అంటున్నారు. నివేదికలో ఆ వాదనను ముందు పెట్టమంటారా?

సాయంత్రం మైదానం (మూడో సమాధానం):

వద్దు. పిల్లల ఆటలు చూసుకునే మనిషిగా ఈ మాట కాస్త గట్టిగానే చెబుతున్నాను. ఆటస్థలాన్ని గిరాకీ పేరుతో అమ్మితే, గిరాకీ తగ్గిన మరుసటి ఏడాదే దాన్ని తీసేయమనడానికి కారణం మీరే అందించినట్టవుతుంది. పిల్లలకు ఆడుకునే చోటు కావాలనడానికి గల్లాపెట్టె సాక్ష్యం అవసరం లేదు. వ్యాపారులకు జరిగే నష్టాన్ని తగ్గించడం ఒక పని, ఆటస్థలం ఉండాలా వద్దా అన్నది మరో పని. రెండింటినీ ఒకే తక్కెడలో వేయకండి.

అయితే చోటు లెక్క మాత్రం వేయండి, ఎందుకంటే ప్రజలకు ఆ పోలిక కళ్లకు కట్టినట్టు ఉంటుంది. విడిగా కట్టిన పార్కింగ్ స్థలంలో ఒక కారుకు, అది తిరిగే దారితో కలిపి, 25 నుంచి 30 చదరపు మీటర్లు పడుతుంది. డబుల్స్ ఆడే బ్యాడ్మింటన్ కోర్టు 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు, అంటే సుమారు 82 చదరపు మీటర్లు. గీతల వరకే చూస్తే మూడు కార్ల చోటు. చుట్టూ రెండేసి మీటర్లు వదిలితే ఆరు కార్ల చోటు. ఆరు కార్లు ఆపే జాగాలో నలుగురు చొప్పున సాయంత్రమంతా మారుతూ ఆడుకోవచ్చు. అలాగని సగం స్థలం పోతుందన్న మాటను తేలిగ్గా తీసుకోమనడం లేదు. ఎన్ని కార్లకు బదులు ఏం వస్తుందో అంకెల్లో చెబితే వాదన తగ్గుతుంది.

మీరు అడగని సంగతి ఒకటుంది, వేళలు. ఆటస్థలం దగ్గర రద్దీ సాయంత్రం అయిదు దాటాక, సెలవు రోజుల్లో పొద్దున. కార్యాలయాల పార్కింగ్ ఖాళీ అయ్యేది సరిగ్గా అప్పుడే. ఆ స్థలాలను సాయంత్రాలు తెరిచేలా ఒప్పందం చేసుకోగలిగితే కొత్తగా ఒక్క గజం చదును చేయనవసరం లేదు. కానీ దుకాణాల రద్దీ కూడా సాయంత్రమే ఉన్న వీధిలో రెండు గుంపులూ ఒకే చోటుకు పోటీ పడతాయి; ఇక్కడ వ్యాపారుల భయం నిజం. గుంపు ఆటల రోజు ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. ఆట ముగిసేది ఏడింటికైతే, ఆరున్నరకే తల్లిదండ్రులు వచ్చి బండి ఇంజన్ ఆపకుండా వీధి అంచునే నిలబెడతారు. తర్వాతి ఆటకు వచ్చినవారు అప్పటికే దిగుతుంటారు. రెండు జట్ల బండ్లు అరగంట పాటు ఒకేసారి ఉంటాయి. ఒక ఆట ముగిశాక తర్వాతి ఆటకు ఇరవై నిమిషాలు ఎడం పెట్టడంతోనే ఆ రద్దీ సగానికి సగం తగ్గడం నేను చూశాను. పార్కింగ్ చిక్కనుకున్నది చాలాసార్లు వేళల పట్టికలో ఉన్న చిక్కు.

ఇంకొకటి. మరుగుదొడ్డి, తాగునీరు, రాత్రి దీపాలు లేకుండా ఆటస్థలం కట్టకండి. అవి లేనిచోట పిల్లలు పక్క దుకాణంలోకి వెళ్లి అడుగుతారు. మొదటి వారం దుకాణదారు నవ్వుతూ పంపిస్తాడు, రెండో నెలకు ఆటస్థలమే వద్దంటాడు.

పాత ప్లానర్:

మైదానం వారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కొట్టు మనిషి గారు కలమజూ సంగతి చెప్పారు కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో స్ట్రోయెట్ వీధిలోకి 1962 నవంబరులో కార్లు రాకుండా చేసినప్పుడు వ్యాపారులు తీవ్రంగా వ్యతిరేకించారు. నగరం దాన్ని ప్రయోగంగానే మొదలుపెట్టింది. 1964లో శాశ్వతం చేసింది. రెండు చోట్లా వీధి మూసిన తీరులో పెద్ద తేడా లేదు. తేడా ఆ వీధి చుట్టూ మనుషులు నివసిస్తున్నారా, నడిచి రాగలరా అన్నదానిలో ఉంది. మీ వీధికి అర మైలు లోపు ఎంతమంది ఉంటారో తేల్చకుండా ఏ ఊరి ఉదాహరణనూ నివేదికలో పెట్టకండి.

ప్రయోగం చేస్తే కొలతలు ముందే రాసుకోండి, పక్కన మరో వీధిని పోలికకు పెట్టుకోండి. కెనడాలోని టొరంటోలో బ్లూర్ వీధి మీద 2016 ఆగస్టులో సైకిల్ దారులు ప్రయోగంగా పెట్టి కొన్ని పార్కింగ్ చోట్లు తీసేసినప్పుడు, మార్పు లేని డాన్‌ఫోర్త్ వీధిలోనూ అవే ప్రశ్నలు అడిగారు. ఆ అధ్యయనంలో స్థానిక వ్యాపార సంఘాలు కూడా పాలుపంచుకున్నాయి. కొనుగోలుదారుల రాక, ఖర్చు పెరిగినట్టు తేలాక 2017 నవంబరులో ఆ దారులు శాశ్వతమయ్యాయి. లెక్కలో వ్యాపారుల చెయ్యి ఉంది కాబట్టి, ఫలితం వచ్చాక ‘అవి మీ లెక్కలు’ అనడం వారికి అంత తేలిక కాలేదు.

సభా గుమాస్తా (నాలుగో సమాధానం):

అభిప్రాయ సేకరణ సభలకు ఏళ్ల తరబడి మినిట్స్ రాసినవాణ్ణి. ఎవరి మాట వినపడుతుందన్నది చాలావరకు సభ వేళ మీద ఆధారపడి ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి సభ పెడితే పెద్ద దుకాణం తరఫున మేనేజరు వస్తాడు. ఒక్కడే కూర్చుని నడుపుకునే దుకాణదారు తాళం వేసి రాలేడు. అలాంటివారి కోసం ఒక సభ్యుణ్ణి దుకాణాల మూసివేత వేళకు వీధిలో నడిపించి, ఒక్కొక్కరి దగ్గర అయిదు నిమిషాలు నిలబడి రాసుకోమనడం నా అనుభవంలో సభ కంటే ఎక్కువ పనికొచ్చింది.

సంఘం లేఖ వచ్చినప్పుడు ఎవరి తరఫున వచ్చిందో అడగండి. టొరంటోలోని బ్లూర్ వెస్ట్ విలేజ్‌లో 1970లో మొదలైన పద్ధతిలో, ఒక ప్రాంతంలోని వ్యాపారాలన్నీ తప్పనిసరిగా చందా కట్టి, తమ పాలకవర్గాన్ని ఎన్నుకుని, ఆ సొమ్ముతో వీధి బాగు చూసుకుంటాయి. అటువంటి సంఘం మాటకు ఉండే విలువ, నలుగురు కూర్చుని ముద్ర వేసిన లేఖకు ఉండదు. గల్లాపెట్టె పక్కన పెట్టి కొనేవారి చేత చేయించిన సంతకాలను కూడా అలాగే చూడాలి. డబ్బు చెల్లిస్తూ, వెనక వరుస నిలబడి ఉండగా పెట్టిన సంతకం అది; కాదనడం మొహమాటం.

మీ బృందంలో ఆ వీధిలో దుకాణం గానీ, భవనం గానీ ఉన్న సభ్యులు ఉంటే ఆ సంగతి మొదటి సమావేశంలోనే నమోదు చేయించండి. చర్చలో వారు మాట్లాడవచ్చు, ఓటు వేయకూడదు. అద్దెకున్నవారినీ, భవన యజమానులనూ ఒకే గాటన కట్టకండి. వీధి బాగుపడితే యజమానికి అద్దె పెరుగుతుంది, అద్దెకున్నవాడికి అదే అద్దె భారమవుతుంది. ఆటస్థలం ప్రతిపాదనకు భవన యజమానులు మద్దతిచ్చి, అద్దెకున్నవారు వ్యతిరేకించిన సభలు నేను చూశాను. మినిట్స్‌లో మాత్రం ‘వ్యాపారుల్లో భిన్నాభిప్రాయాలు వ్యక్తమయ్యాయి’ అని ఒక్క వాక్యం రాయమన్నారు.

ముసాయిదా:

అందరి సూచనలనూ బృందం ముందు పెట్టాను. మొదటి రోజు లెక్క వచ్చింది: మధ్యాహ్నం వేళ చోట్లలో మూడో వంతు ఖాళీ, సాయంత్రం ఆరింటికి ఒక్కటీ ఖాళీ లేదు, పదహారు వరుసల బండ్లు పధ్నాలుగు. ఆ పధ్నాలుగింటి గురించి నివేదికలో ఎవరి పేరూ రాయబోవడం లేదు. సంఘం పెద్దలకు విడిగా ఆ కాగితం చూపించాం. కాసేపు మౌనంగా ఉండి, సిబ్బంది బండ్లకు వెనక వీధిలో చోటు చూపిస్తే మాట్లాడదామన్నారు. ఆరు నెలల ప్రయోగం, ముందుగా పావు వంతు స్థలంలోనే ఆటస్థలం, రుసుము రాబడి ఆ వీధికే, ఉదయం పది గంటల వరకు సరుకు బండ్లకు ప్రత్యేక చోటు అని ముసాయిదా రాశాను.

కొట్టు మనిషి:

పది గంటలు అని రాసేముందు సరుకు తెచ్చేవారిని కూడా ఒకసారి అడగండి. వీధిలో చివరి దుకాణానికి బండి చేరేసరికి నాకెప్పుడూ పదిన్నర దాటేది. బండి ముందు ఎవరి దగ్గర ఆగుతుందన్నది సరుకు పంపేవారు నిర్ణయిస్తారు, మేము కాదు. ఇంకొక మాట, ఆ చోటుకు రంగు గీత ఒక్కటే వేస్తే ఎవరూ లక్ష్యపెట్టరు. మొదటి నెల రోజులు అక్కడ ఒక మనిషిని నిలబెట్టండి.